నీడ పడిన చుక్కలు

ఆ సాయంత్రం ఇంక్యుబేటర్ తలుపు తీసింది నేనేనని చుక్కలక్కకి తెలుసా, తెలియదా?

నాకిప్పుడు డెబ్భై మూడు. ఆ ప్రశ్నకి ఇరవయ్యేళ్లు. ఒకరోజు తప్పకుండా తెలుసనిపిస్తుంది. మర్నాడు గడ్డం గీసుకుంటూ ఉండగా, ఆవిడకి ఎలా తెలుస్తుందిలే అనిపిస్తుంది. ఆ తర్వాత మేమిద్దరం నాలుగు నెలలు ఒకే గదిలో పనిచేశాం. అడిగి తెలుసుకోవడానికి అది చాలా ఎక్కువ సమయం. నాకు చాల్లేదు.

ఆవిడ పెద్దాసుపత్రి మూడో అంతస్తులో, రక్తపరీక్షల ల్యాబులో పనిచేసేది. నేను అక్కడే గుమస్తాని. వచ్చిన రక్తపు గొట్టాలకి నంబర్లు అంటించడం, రిపోర్టులు టైపు చెయ్యడం, కిటికీ దగ్గర నిలబడ్డవాళ్లకి "రేపు రండి" అని చెప్పడం నా పని. తీరిక దొరికితే బల్ల సొరుగు సగం లాగి, అందులో పుస్తకం తెరిచి పెట్టుకుని చదివేవాణ్ణి. సొరుగు కిర్రుమనగానే గాజు తలుపు అవతల నుంచి గొంతు వినిపించేది.

"ఏమయ్యా పుస్తకం, ఇవాళ ఎవరు చచ్చారు?"

"ఇంకా ఎవరూ చావలేదక్కా."

"అయితే వాళ్లని కాసేపు బతకనిచ్చి ఆ నాలుగు రిపోర్టులూ కొట్టు."

నన్ను పేరుతో పిలవగా నేనెప్పుడూ వినలేదు. ఆవిడ పేరుతో పిలిచినవాళ్లూ లేరు. హాజరుపట్టీలో తప్ప అన్నిచోట్లా ఆవిడ చుక్కలక్కే.

ఆవిడ ఆ ల్యాబులోకి గాజుగొట్టాలు కడగడానికి వచ్చింది. కడిగిన ప్రతి గొట్టాన్నీ కిటికీ వెలుగుకి ఎత్తి చూసి, అందరికీ శుభ్రంగా కనిపించినవాటిల్లోంచి కూడా పదికి రెండు మళ్లీ తొట్టిలో వేసేదట. అది చూసి అప్పటి పాత టెక్నీషియన్ ఒకాయన, "ఈ కళ్లు తొట్టి దగ్గర వృథా అయిపోతున్నాయి" అని ఆవిణ్ణి సాయంత్రం కాలేజీకి తోలాడు. అలా రెండేళ్లు చదివి తెల్లకోటు వేసుకుంది. కోటు కింద ఏ కాలమైనా గోధుమరంగు స్వెట్టర్ ఉండేది. ఆ గది చల్లదనం అలాంటిది.

ఇంట్లో చెల్లెలు, మరిది. మరిది, అంటే చెల్లెలి మొగుడు, చేతిగడియారాలు బాగుచేసేవాడు. "మా ఇంట్లో ఇద్దరం కంటికి భూతద్దం పెట్టుకునేవాళ్లమే. మా చెల్లెలు మాకు మామూలు సైజులో కనిపించి ఎన్నేళ్లయిందో" అనేది. పెళ్లెందుకు చేసుకోలేదని కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె అడిగితే, "చూడ్డానికొచ్చిన ప్రతివాడి మొహం మీదా మచ్చలు లెక్కపెట్టాను. సరిసంఖ్య ఒక్కడికీ రాలేదు" అంది. అది నిజమో వేళాకోళమో ఆ పిల్ల వారం రోజులు ఆలోచించింది.

చుక్కల పేరు ఆవిడ చేసే పరీక్ష వల్ల వచ్చింది. వైరస్‌తో కలబడే టీ కణాలు మనిషి ఒంట్లో ఎన్ని ఉన్నాయో చూసే పరీక్ష అది. అరచేతంత ప్లాస్టిక్ ప్లేటు, దాన్నిండా చిన్న చిన్న గుంటలు, మొత్తం తొంభై ఆరు. రోగి రక్తంలోంచి వేరుచేసిన తెల్లకణాల్ని గుంటకి రెండు లక్షల చొప్పున పోసి, వాటికి తోడు వైరస్ ముక్కలు వేస్తారు. చచ్చిన ముక్కలే. తర్వాత ప్లేటుని ఒంటివేడి ఉండే ఇంక్యుబేటర్‌లో మర్నాటిదాకా కదపకుండా ఉంచుతారు. ఆ రెండు లక్షల్లో ఏ కణం ఆ వైరస్‌ని గుర్తుపడుతుందో, అది ఉన్నచోటే ఉండి ఒక రసాయనం వదులుతుంది. మర్నాడు కణాలన్నీ కడిగేసి రంగు వేస్తే, అది కూర్చున్న చోట ఒక చుక్క తేలుతుంది. గుర్తుపట్టిన కణానికి ఒక చుక్క, అంతే. చుక్కలు లెక్కపెట్టడానికి మా దగ్గర కెమెరా ఉన్న యంత్రం ఒకటుంది. ఆవిడ మాత్రం యంత్రం లెక్క అయ్యాక భూతద్దం కింద పెట్టి, వేలితో నొక్కే లెక్కల మీట పట్టుకుని, ఒక్కో గుంటనీ మూడుసార్లు, మూడు వైపుల నుంచి లెక్కపెట్టేది. గదిలో ఆ టిక్కుటిక్కులు వినపడుతుంటే ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదు.

ఇక అసలు సంగతి.

ఒక బస్సు డ్రైవరుకి కిడ్నీ మార్చారు. ఇచ్చింది అతని అక్క. ఆపరేషన్ బాగానే అయింది కానీ, మూడో నెలలో అతని ఒంట్లో ఎప్పటినుంచో నిద్రపోతున్న వైరస్ ఒకటి లేచి కూర్చుంది. దానికి మందిచ్చారు. మందు వైరస్‌ని తొక్కిపట్టింది కానీ, దాంతోపాటు అతని తెల్లకణాల్నీ తొక్కడం మొదలుపెట్టింది. ఇంకా ఇస్తే అవి అడుగంటి ఏ చిన్న జబ్బుకైనా లొంగిపోతాడు. ఆపేస్తే వైరస్ మళ్లీ లేచి అక్క ఇచ్చిన కిడ్నీని తినేస్తుంది. అతని సొంత టీ కణాలే ఆ వైరస్‌ని పట్టుకునేటంత ఉంటే మాత్రం మందు ఆపొచ్చు. మా ల్యాబు పెట్టుకున్న గీత గుంటకి నలభై చుక్కలు. నలభై దాటితే ఆపొచ్చు, దాటకపోతే ఆపకూడదు. కిడ్నీల డాక్టరుగారు ఆ ఒక్క అంకె కోసం ఎదురుచూస్తున్నారు.

డ్రైవరు మాకు ఒక నంబరు మాత్రమే. ల్యాబు వాళ్లం రోగుల్ని చూడం. మేం రక్తాన్ని చూస్తాం, వాళ్లు మా కిటికీని చూస్తారు.

ఆ మధ్యాహ్నం మూడింటికి ఆవిడ ప్లేటు ఇంక్యుబేటర్‌లో పెట్టి, చెల్లెల్ని కంటి డాక్టరుకి చూపించాలని తొందరగా వెళ్లిపోయింది. మిగతావాళ్లు ఐదున్నరకి వెళ్లారు. నేను ఒక అధ్యాయం మిగిలిందని కూర్చున్నాను. ఆరింటికి లేస్తుంటే ఇంక్యుబేటర్ మీద ఎర్రదీపం కనిపించింది. లోపల తేమ కోసం అడుగున నీళ్ల తట్ట ఉంటుంది, అందులో నీళ్లు తగ్గితే ఆ దీపం వెలుగుతుంది. అంతవరకు నాకు తెలుసు. లోపలున్న ప్లేటుని కదపకూడదని తెలియదు. గుమస్తా ఆ తలుపు తీస్తాడని ఎవరికీ తట్టలేదు కాబట్టి ఆ మాట నాకెవరూ చెప్పలేదు.

తలుపు తీశాను. తట్ట బయటికి రావాలంటే దాని పైఅరలో ఉన్న ప్లేటు అడ్డం. దాన్ని రెండు చేతులా, అంచుదాకా పాలు పోసిన గిన్నెని పట్టుకున్నట్టు ఊపిరి బిగబట్టి తీసి బల్ల మీద పెట్టాను. తట్ట నింపాను. ప్లేటు మళ్లీ అంతే జాగ్రత్తగా యథాస్థానంలో పెట్టాను. ఎర్రదీపం ఆరిపోయింది. ఒక మంచిపని చేసినవాడికుండే ఠీవితో మెట్లు దిగాను.

మర్నాడు పది దాటాక యంత్రం లెక్క వచ్చింది. యాభై ఎనిమిది. నాకు ఎంత సంతోషం వేసిందంటే, ఆవిడ చూడకముందే వార్డుకి ఫోన్ చేసి అంకె చెప్పి, రిపోర్టు సగం టైపు చేసేశాను. లోపల టిక్కుటిక్కులు మొదలయ్యాయి. కాసేపటికి ఆగిపోయాయి. మళ్లీ మొదలుకాలేదు.

"పుస్తకం, ఇలా రా."

వెళ్లాను. భూతద్దం ముందు నుంచి జరిగి నన్ను కూర్చోమంది. "ఏం కనిపిస్తోంది?"

"చుక్కలక్కా."

"చుక్కలని ఆసుపత్రి పిల్లి కూడా చెబుతుంది. సరిగ్గా చూడు."

చూశాను. ప్రతి నల్లచుక్క పక్కనా కాస్త వెలిసిన ఇంకో చుక్క ఉంది, నీడలా. ప్రతిదానికీ ఎడమపక్కనే. ప్రతిదానికీ ఒకే దూరంలో.

"కణాలు వాటంతటవి నడిస్తే ఒక్కోటి ఒక్కో దిక్కుకి పోతుంది. అన్నీ కూడబలుక్కుని ఎడమకే జరిగాయంటే, జరిగింది కణాలు కాదు, ప్లేటు. పని మధ్యలో ఎవరో దీన్ని ఎత్తి దించారు. ఉన్నచోట ఒక చుక్క పెట్టిన కణం, జరిగినచోట ఇంకోటి పెట్టింది. యంత్రం రెండూ కలిపేసింది."

తేలు కుట్టిన దొంగలా భూతద్దంలో తల దూర్చేశాను. ఆవిడ నావైపు చూసిందా? నా కన్ను ఆ చుక్కల మీద ఉంది. నాకు తెలియదు.

పావుగంటలో డాక్టరుగారే పైకి వచ్చారు. ఆయన మెట్లెక్కి మా గదికి రావడం అదే మొదటిసారి.

"యాభై ఎనిమిది వచ్చిందట కదా, రిపోర్టు ఎందుకు ఆపారు?"

"ప్లేటు కదిలింది డాక్టరుగారూ. ఇది చెల్లదు."

"కొంచెం కదిలితే ఏమైందమ్మా? యంత్రం ఒప్పుకుంది కదా?"

"యంత్రానికి కళ్లున్నాయి కానీ, అనుమానించడం రాదు. ఇందులో సగం నీడలు. సగం తీసేస్తే ఇరవై తొమ్మిది. మీరు మందాపాలంటే నలభై కావాలి."

"ఆ మనిషి తెల్లకణాలు రోజురోజుకీ పడిపోతున్నాయి. ఇంకో రెండురోజులు ఆగమని అతనికి నేనేం చెప్పను?"

"ల్యాబులో ఒక ముసలిది మొండికేసిందని చెప్పండి. నిజమే కదా."

ఆయన గది నలువైపులా చూశారు. "కదిపిందెవరు?"

అప్పుడు చెప్పాలి నేను. నోరు తెరిచాను కూడా. ఆవిడ నాకన్నా ముందు అందుకుంది. "ఎవరైతేనేం డాక్టరుగారూ, మీ రోగికి ఆ పేరుతో పనిలేదు. రేపు పొద్దున ఎనిమిదింటికల్లా కొత్త రక్తం పంపించండి. ప్లేటు పక్కనే నేను కాపలా కూర్చుంటాను." రిజిస్టరులో కూడా అంతే రాసింది: "ప్లేటు కదిలింది. ఫలితం చెల్లదు." కింద తన సంతకం. ఆ వరసలో ఇంకో పేరు లేదు.

కొత్త ప్లేటు చుక్కలు గుండ్రంగా, ఒంటరిగా, నీడల్లేకుండా వచ్చాయి. ముప్పై ఒకటి. మూడుసార్లూ ముప్పై ఒకటే. ఆ రిపోర్టు టైపు చేస్తుంటే, మొన్నటి యాభై ఎనిమిది రిపోర్టుగా ఈ గదిలోంచి బయటికి పోయి ఉంటే ఏమయ్యేదో నా వేళ్లకి అర్థమైంది. అవి తడబడి ఒకటికి బదులు ఏడు కొట్టాయి. దిద్దాను.

ఆ మధ్యాహ్నం కిటికీ దగ్గర ఒక అమ్మాయి. ఇరవై రెండేళ్లుంటాయి. చెప్పుల దుకాణంలో పనట, యూనిఫాంలోనే వచ్చింది.

"యాభై ఎనిమిదిని ముప్పై ఒకటి చేసింది ఎవరండీ?"

"ఎవరమ్మా నువ్వు?"

"డ్రైవరుగారి కూతుర్ని. మొన్న నర్సక్క యాభై ఎనిమిది అంది, ఇంటికి వెళ్లిపోవచ్చంది. నాన్న సంచీ కూడా సర్దుకున్నాడు. ఇవాళ కాదంటున్నారు. మీ లెక్కలేంటండీ, పూటకో రకంగా?"

నేను "రేపు రండి" అనబోయాను. వెనకనుంచి చుక్కలక్క వచ్చి నన్ను పక్కకి జరిపింది.

"నేనేనమ్మా చేసింది. కోపం ఉంటే ఆ గాజు పక్కకి జరిపి తిట్టు, సగం మాటలు వినపడ్డం లేదు."

అమ్మాయి గాజు జరిపింది. అయితే తిట్టడం మర్చిపోయింది. "అసలు ఏం లెక్కపెడతారు మేడం మీరు?"

"మీ నాన్న బస్సులోకి ఎప్పుడైనా చెకింగ్ వాళ్లు ఎక్కుతారా?"

"ఎందుకెక్కరు? వాళ్లంటే నాన్నకి ఒళ్లు మంట."

"ఒంట్లో టీ కణాలని వాళ్లే ఉంటారు. ఒంట్లో ఉన్న ప్రతి కణమూ ఒక బస్సనుకో. తన లోపల ఏం తయారవుతోందో దాని ముక్కొకటి కిటికీలో పెట్టి చూపించాలి, అది రూలు. ఈ చెకింగ్ వాళ్లు కిటికీ కిటికీ తడుముతూ పోతారు. చిత్రమేంటంటే, ఒక్కొక్కడికి ఒక్క మొహమే తెలుసు. ఒకడికి తెలిసింది ఇంకొకడికి తెలీదు."

"ఇదేం ఉద్యోగం! ఆ మొహం ఎప్పటికీ ఎదురుపడకపోతే?"

"తిరుగుతూనే ఉంటాడు. చాలామంది అలా తిరిగి తిరిగి రిటైరైపోతారు. ఎదురుపడిందా, ఇక వాడొక్కడుండడు. ఇద్దరవుతాడు, నలుగురవుతాడు, వారం తిరిగేసరికి వేలమంది. కొందరు కేకలేసి మిగతావాళ్లని పోగుచేస్తారు. కొందరు ఆ బస్సుని అక్కడికక్కడే పడగొట్టేస్తారు."

"బస్సునా? లోపలున్న వైరస్‌ని కాదా?"

"బస్సుతో సహా. జాలిపడి వదిలేస్తే డిపో మొత్తానికి అంటిస్తుంది. గొడవ సద్దుమణిగాక ఆ వేలమందిలో చాలామంది పోతారు. కొద్దిమంది మిగిలి ఆ మొహాన్ని ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటారు."

"మరి మా నాన్న దగ్గర వాళ్లు లేరా?"

"ఉన్నారు. మీ అత్త ఇచ్చిన కిడ్నీని పరాయిదని తరిమెయ్యకుండా డాక్టర్లు వాళ్లకి మాత్రలతో జోలపాడారు. ఇప్పుడు జోల ఎంత తగ్గిస్తే వైరస్‌ని పడతారు, ఎంత తగ్గిస్తే కిడ్నీ మీదికి పోతారు, అదీ తక్కెడ. నేను యాభై ఎనిమిదని రాస్తే మీ నాన్న సంచీ పట్టుకుని సంతోషంగా ఇంటికి పోయేవాడు. నెల తిరక్కుండా మీ అత్త కిడ్నీ పోయేది."

అమ్మాయి కిటికీ గట్టు మీదికి వంగి, "అయితే ఆ ముప్పై ఒక్కమంది మంచోళ్లేనా పెద్దమ్మా?" అంది.

"బంగారాలు. తక్కువమంది, అంతే. మీ నాన్నతో చెప్పు, చెకింగ్ వాళ్లని తిట్టడం కొన్నాళ్లు ఆపమని."

ఆ పిల్ల నవ్వుకుంటూ మెట్లు దిగింది. గాజు జరిపినప్పటి 'మేడం' వెళ్లేసరికి 'పెద్దమ్మ' అయిపోవడం నేను గమనించాను.

డాక్టరుగారు వైరస్ మందుని సగం చేసి, దినదినం రక్తం చూస్తూ, జోలపాడే మాత్రల్లో ఒకటి తగ్గించారు. మూడువారాలు గడిచాయి. ఆ మూడువారాలూ నేను ఒక్క పేజీ సరిగా చదవలేదు. చుక్కలక్క మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఉంది. మూడోవారం ప్లేటు వచ్చినప్పుడు టిక్కుటిక్కులు ఎంతసేపటికీ ఆగలేదు. ఆవిడ చెయ్యి మార్చుకుని మళ్లీ నొక్కింది.

"అరవై ఆరు" అంది. "కొట్టు."

"ఇంకోసారి చూడక్కా."

"అరె! నాకు చెబుతున్నావా?" అని, నా మొహం చూసి ఏమనుకుందో, నాలుగోసారి కూడా లెక్కపెట్టింది. అరవై ఆరే. మందు ఆపేశారు. తర్వాతి రెండు నెలల్లో వైరస్ మళ్లీ తల ఎత్తలేదు.

ఆ ఊపులో నేను ధైర్యం తెచ్చుకున్నాను. టీ తాగుతుండగా, "అక్కా, ఆ రోజు సాయంత్రం..." అన్నాను.

"ఆ రోజు సాయంత్రం మా చెల్లెలికి కళ్లజోడు మార్చారు. అప్పట్నుంచి నా మొహం మీద ముడతలు లెక్కపెడుతోంది. మరిది నయం, గడియారాల్లోంచి తల ఎత్తడు. తాగు, చల్లారిపోతోంది."

ఆ మర్నాడే నీళ్లడబ్బా తెచ్చి నా బల్ల పక్కన పెట్టింది. ఇంక్యుబేటర్ తట్టలో నీళ్లు నింపే పని ఇకనుంచి నాదట. రోజూ పొద్దున తొమ్మిదికి, ఏ ప్లేటూ లోపలికి వెళ్లకముందు. గుమస్తాకెందుకా పని అని ల్యాబు హెడ్డుగారు అడిగితే, "వాడి చెయ్యి నిదానం" అంది. మెచ్చుకోలో, దెప్పిపొడుపో. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నాలుగో నెల ఆఖరున ఆవిడ రిటైర్మెంటు. సాయంత్రం నాలుగింటికి సభ అన్నారు. పుస్తకాలు చదివేవాణ్ణని ఉపన్యాసం రాసే పని నాకే అంటగట్టారు హెడ్డుగారు. నాలుగు పేజీలు రాశాను. ఆయన గదిలో కూర్చుని పైకి చదువుకుంటున్నారు, అక్కడక్కడ గొంతు పెంచి.

పొద్దున డ్రైవరు కూతురు వచ్చింది. "పెద్దమ్మా! నాన్న ఇవాళ్టి నుంచి మళ్లీ బండెక్కాడు. మధ్యాహ్నం ట్రిప్పు ఈ ఆసుపత్రి ముందునుంచే. మూడు నలభైకి కింద స్టాపులో ఆగుతుంది. రండి, చూపిస్తాను."

"నాకు మీ నాన్న నంబరు తెలుసు, చుక్కలు తెలుసు. మొహమెందుకమ్మా?"

"మీరు భలేవారే. అంత చేసి..."

"చేసింది వాళ్లు, అరవై ఆరుమంది. నేను లెక్కపెట్టానంతే. పో, దుకాణానికి ఆలస్యమవుతుంది."

మూడున్నరకి గదిలో కుర్చీలు వేస్తున్నారు. ఆవిడ చివరి ప్లేటు రాసి, లెక్కల మీటని సున్నాకి తిప్పి, కోటు విప్పి కొక్కేనికి తగిలించింది. మోచేతుల దాకా చేతులు కడుక్కుంది. చేతిసంచీ తీసుకుంది. సభకి తయారవడానికి కింద గదిలోకి పోతోందనుకున్నాను. నావైపు చూడలేదు. ఇంకెవరితోనూ ఏమీ అనలేదు.

కాసేపటికి కిటికీలోంచి చూస్తే, గోధుమరంగు స్వెట్టర్ రోడ్డు దాటుతోంది. స్టాపులో నిలబడింది. బస్సు వచ్చి ఆగింది. పైనుంచి నాకు డ్రైవరు మొహం కనపడలేదు. చక్రం మీద పెట్టిన లావుపాటి ముంజెయ్యి, మడిచిన చొక్కా చెయ్యి కనిపించాయి. చుక్కలక్క ముందు తలుపు లోంచి ఎక్కి, అతని పక్కన ఒక్క క్షణం ఆగింది. ఏదో అడిగినట్టుంది. ఆ చెయ్యి లేచి వెనక సీటు చూపించింది. ఆవిడ సరిగ్గా అతని వెనకే కూర్చుంది, వంగి కాస్త పక్కకి, ముందున్నవాడి మొహం అద్దంలో చూడాలంటే కూర్చునేలా.

"ఆవిడేరయ్యా? అందరూ వచ్చేశారు!" ఉపన్యాసం చేతిలో పట్టుకుని హెడ్డుగారు బయటికి వచ్చారు.

"బస్సెక్కింది సార్."

"బస్సా? ఇంటికా?"

"ఆవిడ ఇల్లు అటు కాదు సార్."

ఆయన కూడా వచ్చి నా పక్కన నిలబడ్డారు. బస్సు కదిలింది. మందుల దుకాణం దాకా నెమ్మదిగా పోయి, అక్కడ వేగం అందుకుని, మలుపు తిరిగింది.